ఎనిమిది ఊళ్ళు, ఒక అప్పు

మా అవ్వ ట్రంకు పెట్టెలో ఒక పాత రసీదు ఉంది. మడతలు పడి పడి చిరిగిపోయేలా ఉంది. కావేరి నీళ్ళ కొళాయి కోసం మా ఇంటి వాటాగా కట్టిన డబ్బుకు ఇచ్చిన రసీదు అది. "నీళ్ళు కంటికి కనిపించకముందే దుడ్డు కట్టినాం" అని అవ్వ చెబుతుంది. ఈసారి మన ఊరి చరిత్ర మీద వ్యాసం రాయమని మా టీచరుగారు చెప్పగానే నాకు ఈ రసీదే గుర్తొచ్చింది. రాజులకు శాసనాలు ఉన్నట్టే మా ఇంటికి ఇదొక శాసనం అనుకున్నాను.

మేము ఉండేది కృష్ణరాజపురంలో. ఇప్పుడు ఇది బెంగళూరు నగరంలో కలిసిపోయింది. కానీ 2007 వరకు ఇది వేరే మునిసిపాలిటీ. నగరం చుట్టూ ఇలాంటివి మొత్తం ఎనిమిది ఉండేవి: కృష్ణరాజపురం, మహదేవపుర, బొమ్మనహళ్ళి, బ్యాటరాయనపుర, దాసరహళ్ళి, యలహంక, రాజరాజేశ్వరినగర్, కెంగేరి. వీటిలో ఏడు నగరసభలు, కెంగేరి ఒక్కటే పురసభ. ఫ్యాక్టరీలు, ఐటీ కంపెనీలు వచ్చి ఇక్కడ జనం బాగా పెరిగారు. బెంగళూరు నగరానికి 1974 నుంచి కావేరి నీళ్ళు వస్తున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం చాలా వీధులకు బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళే దిక్కు.

కావేరి నీళ్ళను దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తిపోసి తేవాలి. వచ్చిన నీళ్ళను నిలవ చేసే ట్యాంకులు కట్టాలి, వీధివీధికీ పైపులు వేయాలి. దీనికంతా డబ్బు ముందే కావాలి. నీళ్ళ బిల్లులు మాత్రం కొళాయి తిరిగాక, నెలనెలా కొంచెం కొంచెంగా వస్తాయి. మరి ముందు డబ్బు ఎక్కడిది? చాలా ఊళ్ళ చరిత్రలో అసలు చిక్కు ఇదే.

దీనికి ఒక దారి బాండు. బాండు అంటే ఒక రకం అప్పు పత్రం. నగరపాలక సంస్థ బాండ్లు అమ్ముతుంది, బ్యాంకులు, సంస్థలు వాటిని కొంటాయి. ఏటా వడ్డీ ఇచ్చి, గడువులోగా అసలు తీర్చాలి. ఏ పని కోసం అప్పు చేశారో ఆ పని వల్ల వచ్చే ఆదాయంతోనే, అంటే నీళ్ళ ఛార్జీలతోనో, వంతెన టోలుతోనో తీర్చేదాన్ని ఆదాయ బాండు అంటారు. మన దేశంలో చాలాసార్లు దానికి ఇంటి పన్ను లాంటి ఇతర ఆదాయాన్ని కూడా జోడిస్తారు.

మన దేశంలో ఈ కథ మా బెంగళూరుతోనే మొదలైంది. 1997లో బెంగళూరు మహానగర పాలికె రాష్ట్ర ప్రభుత్వ హామీతో 125 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చింది. 1998లో అహ్మదాబాద్ రాష్ట్ర హామీ లేకుండానే 100 కోట్ల బాండ్లు అమ్మింది. కానీ ఇవి పెద్ద నగరాలు. చిన్న ఊరు ఒక్కటే వెళ్తే బాండ్లు ఎవరు కొంటారు? ఊరి లెక్కలు చూసి రేటింగ్ ఇవ్వాలి, లాయర్లకు, ట్రస్టీలకు ఫీజులు కట్టాలి. చిన్న అప్పుకైనా ఈ ఖర్చులు తప్పవు. పది కోట్ల అప్పుకు ఇంత తతంగం గిట్టుబాటు కాదు.

అప్పుడు వచ్చిన ఆలోచనే అందరూ కలిసి అప్పు చేయడం. దీన్ని మన దేశంలో ముందుగా చేసి చూపించింది తమిళనాడు. 2002లో అక్కడ డజనుకు పైగా చిన్న పట్టణాల నీటి, మురుగునీటి పథకాల కోసం ఒక ట్రస్టు ద్వారా సుమారు 30 కోట్ల రూపాయల బాండ్లు అమ్మారు. వడ్డీ 9.20 శాతం, గడువు 15 ఏళ్ళు. బాండ్లు అమ్మింది ట్రస్టు. ఆ డబ్బును అది పట్టణాలకు అప్పుగా ఇచ్చింది. కొనేవాళ్ళు పేరు తెలియని ఊళ్ళను నమ్మాల్సిన పని లేకుండా ఒక్క ట్రస్టును నమ్మితే చాలు.

ఇది చదువుతుంటే నాకు అవ్వ చీటీ గుర్తొచ్చింది. మా వీధి ఆడవాళ్ళు 20 మంది నెలకు 500 చొప్పున వేసేవాళ్ళు. అవ్వే చీటీ నడిపేది. ఒకసారి ఒకామె చీటీ పాడుకొని, డబ్బు తీసుకొని ఊరు వదిలి వెళ్ళిపోయింది. మిగిలిన నెలలన్నీ అవ్వే తన చేతి నుంచి కట్టింది. ఆ తర్వాత అవ్వ మళ్ళీ చీటీ నడపలేదు. మరి ఇన్ని ఊళ్ళు కలిసి అప్పు చేస్తే, ఒక ఊరు కట్టకపోతే ఏమవుతుంది? మిగతా ఊళ్ళు మా అవ్వలాగా నష్టపోవాలా?

అక్కర్లేదు. తమిళనాడులో దీనికి వరుసగా అడ్డుకట్టలు పెట్టారు. మొదటిది, ప్రతి పట్టణం తన ఆదాయంలోంచి అప్పు వాయిదాను ముందుగా ఒక ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేయాలి. మిగిలినదే ఖర్చు పెట్టుకోవాలి. రెండోది, ఏ పట్టణం కట్టకపోతే ఆ పట్టణానికి రాష్ట్రం ఇచ్చే నిధుల్లోంచే కోసుకుంటారు, పక్క ఊరి ఖాతాను ముట్టుకోరు. మూడోది, ఆలస్యమైతే వెంటనే వాడుకోవడానికి ఒక నిలవ నిధి ఉంటుంది. చివరిది, అసలులో సగానికి అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్ హామీ ఇచ్చింది. అంటే పేరు అందరిదీ కలిపి, బాకీ మాత్రం ఎవరిది వారిదే. అవ్వకు ఇది చెబితే, "నా చీటీకి అట్లాంటి నిలవ నిధి ఉండి ఉంటే ఎంత బాగుండేదో" అనింది.

2005లో కర్ణాటక ఇదే దారి పట్టింది. మా ఎనిమిది ఊళ్ళకు కావేరి నీళ్ళు పంచే పథకం కోసం ఒక ట్రస్టు 100 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. గడువు 15 ఏళ్ళు. యూఎస్ ఎయిడ్ సగం హామీ ఇక్కడా ఉండేది. వడ్డీ 5.95 శాతమే. దీనికి ముఖ్య కారణం, ఈ వడ్డీ మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి కొన్నవాళ్ళు తక్కువ వడ్డీకే ఒప్పుకున్నారు. నేను లెక్క వేశాను. 100 కోట్లకు 9.20 శాతమైతే మొదటి ఏడాది వడ్డీ 9 కోట్ల 20 లక్షలు. 5.95 శాతమైతే 5 కోట్ల 95 లక్షలు. తేడా ఒక్క ఏడాదికే 3 కోట్ల 25 లక్షలు. ఈ పన్ను మినహాయింపు కూడా ఊరికే రాదు. ప్రభుత్వానికి రావాల్సిన పన్ను అంత తగ్గుతుంది.

పథకానికి బాండ్ల డబ్బు ఒక్కటే సరిపోదు. ప్రభుత్వం కొంత ఇచ్చింది, ఇళ్ళవాళ్ళ దగ్గర కొంత వాటా వసూలు చేశారు. అవ్వ పెట్టెలోని రసీదు ఆ వాటాదే. ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్ళీ ఇది ఎందుకు అని అప్పట్లో చాలామంది అడిగారట. అది న్యాయమైన ప్రశ్నే. ఇల్లు కట్టుకోవడానికే అప్పు చేసినవాళ్ళకు ఈ వాటా కూడా బరువే. కానీ కట్టిన ప్రతి ఇల్లూ ఆ పైపులో భాగస్థురాలు అని నాకనిపిస్తుంది.

ఈ కథలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒకటుంది. బాండ్లు అమ్మిన రెండేళ్ళకే, 2007లో, ఎనిమిది మునిసిపాలిటీలనూ 110 పల్లెలనూ నగరంలో కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికెను ఏర్పాటు చేశారు. కృష్ణరాజపురం నగరసభ బోర్డు పోయింది. అప్పు మాత్రం పోలేదు. ఒక సంస్థ ఇంకోదాంట్లో కలిసినప్పుడు ఆస్తులతో పాటు బాకీలు కూడా వెళ్తాయి. తాత చేసిన అప్పు తాత పోయాక నాయన తీర్చినట్టే ఇది. ఊరి పేరు కన్నా ఊరు ఇచ్చిన మాట ఎక్కువ కాలం బతికింది.

ఇలా ఊళ్ళు కలిసి అప్పు చేయడాన్ని ప్రోత్సహించడానికి 2006లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. అయినా తమిళనాడు, కర్ణాటక చూపిన దారిలో ఎక్కువ రాష్ట్రాలు నడవలేదు. పెద్ద నగరాలు ఒంటరిగానే వెళ్తున్నాయి. 2018లో హైదరాబాద్ 200 కోట్ల బాండ్లు అమ్మింది. చిన్న పట్టణాలు మాత్రం ఇప్పటికీ గ్రాంటు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. లెక్కలు సరిగ్గా రాసి, పన్ను, బిల్లు సరిగ్గా వసూలు చేసే ఊరికే అప్పు పుడుతుంది. అది ఒక్క రోజులో వచ్చే పేరు కాదు.

2025లో బెంగళూరును మళ్ళీ ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. హద్దులు మారినా నీళ్ళు, మురుగు, చెత్త ఆ హద్దులు చూడవు. రేపు ఈ ఐదూ కలిసి ఏదైనా పెద్ద పని చేయాలంటే మా ఎనిమిది ఊళ్ళ కథ వాటికి పనికొస్తుంది.

పోయిన నెల నీళ్ళ బిల్లు కట్టడానికి నాయన నన్నే పంపించాడు. ఇంతకుముందైతే విసుక్కునేదాన్ని. ఈసారి బిల్లు కట్టి, ఆ రసీదు తెచ్చి అవ్వ ట్రంకు పెట్టెలో పాత రసీదు పక్కన పెట్టాను.