దాగిన కుటుంబాలు, దాచిన కుటుంబాలు: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు, 1947–1951

ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీల వేట నుండి తప్పించుకోవడానికి యూదు కుటుంబాలు ఎంచుకున్న మార్గాలలో కుటుంబమంతా కలిసి దాగడం అత్యంత క్లిష్టమైనది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ కుటుంబం మరో నలుగురితో పాటు ఒక భవనపు వెనుక భాగంలో 1942 జూలై నుండి 1944 ఆగస్టు వరకు తలదాచుకున్నది. ఆ ఎనిమిది మందిలో ప్రాణాలతో మిగిలినది తండ్రి ఒట్టో ఫ్రాంక్ ఒక్కరే. నేటి బెలారుస్‌లోని నాలిబోకి అడవిలో మాత్రం బీల్‌స్కీ సోదరులు నడిపిన శిబిరం ఆయుధం పట్టలేని వృద్ధులను, పిల్లలను కూడా చేర్చుకొని దాదాపు 1,200 మందిని కాపాడింది. పోరాడే దళం కుటుంబాలను భారంగా చూడకుండా, వాటి రక్షణనే ప్రధాన కర్తవ్యంగా స్వీకరించిన అరుదైన సందర్భమది.

తెలంగాణ సాయుధ పోరాట చరిత్రను ఈ కోణం నుండి చదివినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం అడవులలో 1947–1951 మధ్య దాగినది దళాలేనా, కుటుంబాలు కూడానా? నిర్బంధానికి గురి అయినది వ్యక్తా, ఇంటిల్లిపాదా అన్నదానిని బట్టి ఈ ప్రశ్నకు సమాధానం దశదశకూ మారిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు స్వరూపం

నేటి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల ప్రాంతం ఆనాడు రెండు ప్రభుత్వాల కింద ఉండేది. ఖమ్మం, మధిర, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపహాడ్ ప్రాంతాలు నిజాం సంస్థానంలోని వరంగల్ జిల్లాలో ఉండగా, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో ఉండేది. 1860లో నిజాం నుండి ఆంగ్లేయుల అధీనంలోకి వెళ్ళిన భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు పరిధిలోకి వచ్చింది. ఖమ్మం 1953లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా, భద్రాచలం 1959లో అందులో కలిసింది. అందువల్ల ఈ అధ్యయన కాలంలో బూర్గంపహాడ్ నుండి ఏరు దాటడం అంటే ఒక రాజ్యం నుండి మరొక రాజ్యంలోకి దాటడమే. కోయలకు, కొండరెడ్లకు మాత్రం ఈ రేఖ బంధుత్వాలను విడదీసేది కాదు. వారి గూడేలు, పోడు భూములు రెండు వైపులా విస్తరించి ఉన్నాయి.

మొదటి దశ: ఊరంతా దాగిన కాలం

1946లో ఖాసిం రజ్వీ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముసల్మీన్ అధ్యక్షుడైన తరువాత రజాకార్ల బలం పెరిగింది. 1947–48లో నిజాం పోలీసులు, రజాకార్లు కలిసి గ్రామాలపై జరిపిన దాడులలో సంఘం సభ్యుడెవరు, కానివారెవరు అన్న విచక్షణ ఉండేది కాదు. ఇళ్ళు తగులబెట్టడం, ధాన్యం దోచుకోవడం, స్త్రీలపై అత్యాచారాలు ఊరి మొత్తానికి విధించిన శిక్షలే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత దీనికి పరాకాష్ఠ.

శిక్ష ఊరి మొత్తానికి కాబట్టి దాగడం కూడా ఊరి మొత్తానిదే అయింది. మైదాన గ్రామాలలో జనం బురుజులను ఆశ్రయించారు. అడవి అంచు గ్రామాలలో పొలాలు, వాగులు, గుట్టలు రాత్రి నివాసాలయ్యాయి. మధిర ప్రాంతానికి ఆనుకొని ఉన్న కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామాలకు అనేక కుటుంబాలు తరలిపోయాయి. సరిహద్దు రేఖ ఆ కాలంలో ఒక రక్షణ గోడగా పనిచేసింది. అయితే ఆ గోడ అందరికీ సమానం కాదు. 1948 ఆరంభం నుండి మద్రాసు రాష్ట్రంలోనూ కమ్యూనిస్టులపై తీవ్ర నిర్బంధం మొదలైంది. ఆవలి ఒడ్డు సామాన్య కుటుంబానికి ఆశ్రయం. సంఘం నాయకునికి మరొక ఉచ్చు.

రెండవ దశ: కుటుంబం చెదిరిన కాలం

1948 సెప్టెంబరు 13–17 మధ్య జరిగిన సైనిక చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో చేరింది. రజాకార్ల భయం తొలగి, తరలిపోయిన అనేక కుటుంబాలు ఇళ్ళకు చేరాయి. పోరాటాన్ని కొనసాగించిన కమ్యూనిస్టు దళాలు మాత్రం మైదానాలు విడిచి గోదావరి, కిన్నెరసాని అడవులలోకి వెళ్ళాయి. ఇప్పుడు వేట ఊరిపై కాక పేరు తెలిసిన వ్యక్తిపై మొదలైంది. దానితో కుటుంబం దళం నుండి విడిపోయింది.

ఈ విడిపోవడం ఎంత కఠినమైనదో స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ లోని మౌఖిక కథనాలు తెలుపుతాయి. దళంతో అడవిలో ఉన్న కమలమ్మ తన పసిబిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చిన వృత్తాంతం వాటిలో ఒకటి. బిడ్డ ఏడుపు దళం ఉనికిని బయటపెట్టగలదు. ఆ ఏడుపును కాపాడుకొనే ఏర్పాటు దళానికి లేదు. నాలిబోకి శిబిరంతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. అక్కడ కుటుంబాలను నిలబెట్టడానికే ఆయుధాలు వాడారు. ఇక్కడ ఆయుధబలగాన్ని నిలబెట్టడానికి కుటుంబం త్యాగం చేసింది. దీనిని నాయకుల హృదయ కాఠిన్యంగా మాత్రమే చదవడం సరికాదు. యూదు కుటుంబానికి అడవి వెలుపల బతికే చోటు లేదు. దళ సభ్యుని బిడ్డకు అడవి వెలుపల బతికే అవకాశం ఉంది. ఆ అవకాశమే తల్లీబిడ్డలను విడదీసింది.

మూడవ దశ: దాచినవారిపై శిక్ష

దళాలకు అడవిలో అన్నం పెట్టినది, దారి చూపినది, పోలీసుల రాకను ముందుగా తెలిపినది ప్రధానంగా కోయ గూడేలు. పోడు సాగుపై, అటవీ ఉత్పత్తులపై ఆంక్షలు, వెట్టి చాకిరీ, మామూళ్ళ వసూళ్ళు వారిని సంఘానికి దగ్గర చేశాయి. ఆ గూడేల నుండే సోయం గంగులు వంటి నాయకులు ఎదిగారు.

ప్రభుత్వం ఈ ఆధారాన్ని గుర్తించి దానిని తెంచడానికి పూనుకున్నది. చెదురుమదురుగా ఉన్న గూడేలను ఖాళీ చేయించి, కుటుంబాలను కాపలా గల శిబిరాలలో చేర్చింది. పుచ్చలపల్లి సుందరయ్య తన 1972 నాటి గ్రంథంలో దీనిని మలయాలో ఆంగ్లేయులు అమలు చేసిన బ్రిగ్స్ పథకంతో పోల్చి, గూడేల దహనాన్ని, శిబిరాలలోని దుర్భర స్థితిని వివరించారు. ఇది ఉద్యమ నాయకుని దృష్టికోణమే అయినా గూడేల తరలింపు వాస్తవం. మొదటి దశలో వలె శిక్ష మళ్ళీ ఇంటిల్లిపాదికీ చేరింది. అయితే మొదటి దశలో ఊరికి అడవి ఉన్నది, ఆవలి ఒడ్డు ఉన్నది. కోయ కుటుంబానికి అడవే ఇల్లు. ఆ ఇంటి నుండే తీసుకువెళ్ళిన తరువాత దాగడానికి మరో చోటు లేదు. విలీనంతో గోదావరి కూడా రాజ్యాల సరిహద్దు కాకుండా పోయింది.

ఈ సందర్భంలో మరొక వర్గాన్ని విస్మరించరాదు. సైనిక చర్య తరువాత సంస్థానంలో ముస్లింలపై జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ 27,000 నుండి 40,000 మంది వరకు మరణించి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అధికంగా నష్టపోయాయి. కేవలం పుట్టుక కారణంగా వేటాడబడటమే గీటురాయి అయితే, సంస్థానంలో యూదుల అనుభవానికి దగ్గరగా వచ్చేది ఆ కుటుంబాల స్థితే. సాయుధ పోరాట చరిత్ర, విలీన చరిత్ర వేర్వేరు అధ్యాయాలుగా సాగినందున ఈ పోలిక మరుగున పడింది.

ముగింపు

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. దాగినవారికి తరువాతి కాలంలో గుర్తింపు లభించింది. 1980 నాటి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో అజ్ఞాతవాసం ఒక అర్హత. హైదరాబాదు విలీనోద్యమం కూడా తరువాత ఆ పథకంలో చేరింది. అయితే ఆరు నెలలకు పైబడిన అజ్ఞాతవాసంతో పాటు, ప్రకటిత నేరస్థునిగా ప్రకటన గాని, తలపై బహుమతి గాని, అమలు కాని నిర్బంధ ఉత్తర్వు గాని ఉండాలి. అంటే ప్రభుత్వం వెదికినవారికే కాగితం ఉంటుంది. వారికి రాత్రి గంజి పోసిన ఇల్లాలి పేరున ఏ ఉత్తర్వూ వెలువడదు.

చరిత్ర రచన కూడా ఇదే కొలతను అనుసరించింది. దళాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ అటవీ ప్రాంతం ఒక రణరంగం. ఇంటిని ప్రమాణంగా తీసుకుంటే ఇది దాగిన కుటుంబాల, దాచిన కుటుంబాల ఉమ్మడి చరిత్ర. ఖాళీ అయిన గూడేల పేర్లు, శిబిరాల చోట్లు, తిరిగి వచ్చిన కుటుంబాలు తమ పోడును దక్కించుకున్నాయా లేదా అన్న అంశాలు రెవెన్యూ, అటవీ దస్త్రాలతో కోయ పెద్దల జ్ఞాపకాలను సరిపోల్చి నమోదు చేయవలసినవి. ఆ కాలాన్ని బాల్యంలో చూసినవారు నేడు ఎనభై ఏళ్ళు దాటినవారు. దస్త్రాలు వేచి ఉండగలవు గాని, వారి జ్ఞాపకాల సేకరణకు మిగిలిన వ్యవధి చాలా తక్కువ.