ఇసుకవాగు ఒడ్డున పరిణామం

పటాన్‌చెరు పేరు ప్రపంచ శాస్త్ర పత్రికల్లో ఎక్కువగా రెండు సందర్భాల్లో తగులుతుంది. కంది, శనగ, వేరుశనగ, జొన్న, సజ్జల విత్తన సంపద గురించి రాసేవాళ్లు దాన్ని తలుచుకుంటారు. యాంటీబయోటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా గురించి రాసేవాళ్లూ తలుచుకుంటారు. మనం మాత్రం మొదటిదాన్ని వ్యవసాయం ఖాతాలో, రెండోదాన్ని కాలుష్యం ఖాతాలో రాసేసి ఊరుకున్నాం. రెండూ కలిపి చదివితే కనిపించేది ఒకటే శాస్త్రం. జీవపరిణామం కళ్లముందు, మన జీవితకాలంలోనే ఎలా జరుగుతుందో ముంబై హైవే పక్కన కొద్ది కిలోమీటర్ల మేరలో రెండు రకాలుగా రుజువైంది.

పరిణామం అనగానే పాఠ్యపుస్తకాలు మనల్ని గాలపాగోస్ దీవులకు తీసుకెళ్తాయి. డార్విన్ 1835లో అక్కడ గడిపింది ఐదు వారాలే. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు మాత్రం 1973 నుంచి దశాబ్దాల పాటు డాఫ్నే మేజర్ అనే చిట్టి దీవికి ఏటా వెళ్లి ఫించ్ పిట్టల ముక్కులు కొలిచారు. 1977 కరువులో మెత్తటి చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా మిగిలాయి. మరుసటి తరం సగటు ముక్కే పెరిగింది. బయటి రాకపోకలు తక్కువ కాబట్టి దీవిలో మార్పు లెక్కకు అందుతుంది. శాస్త్రవేత్తలకు దీవులంటే అంత మోజు అందుకే. సంగారెడ్డి పక్కన మంజీరా జలాశయంలోనూ చిన్న చిన్న దీవులున్నాయి, వాటి ఒడ్డున మొసళ్లు ఎండ కాచుకుంటాయి. ఆ చోటును అభయారణ్యంగా 1978లోనే ప్రకటించారు. అయితే ఇక్కడ చెప్పుకోవాల్సిన దీవి అది కాదు.

గ్రాంట్ దంపతులు పని మొదలుపెట్టడానికి ఏడాది ముందు, 1972లో, పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పుట్టింది. పొడి నేలల పంటల కోసం పెట్టిన అంతర్జాతీయ పరిశోధనా సంస్థ అది. సుమారు 1,400 హెక్టార్లు. అక్కడున్న రెండు ఊళ్లను లేపి వేరేచోటికి తరలించారు. ఈ చోటును ఎంచుకోవడానికి ఒక బలమైన కారణం నేలే. ఒకే ఆవరణలో నల్లరేగడీ ఉంది, ఎర్ర చెలకా ఉంది. ఆఫ్రికా నుంచి దక్కను దాకా వర్షాధార రైతు పడే పాట్లన్నిటికీ నమూనా ఒకే కంచె లోపల దొరికింది. తర్వాతి రోజుల్లో చుట్టూ ఫ్యాక్టరీలూ, వెంచర్లూ, అపార్ట్‌మెంట్లూ కమ్ముకొచ్చాయి. ఆ కంచె లోపల మాత్రం కుంటలూ, పొదలూ, చేలూ మిగిలాయి. రెండు వందలకు మించిన పక్షి జాతులు అక్కడ నమోదయ్యాయి. నీళ్లకు బదులు గోడ చుట్టిన దీవి అన్నమాట.

ఆ దీవి గుండె జీన్ బ్యాంకు. 144 దేశాల నుంచి సేకరించిన, లక్షా పాతిక వేలకు పైబడిన విత్తన నమూనాలు అందులో ఉన్నాయి. దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. నకళ్లు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ మంచుకొండలోనూ ఉన్నాయి. ఈ వివరాలు అప్పుడప్పుడు పేపర్లలో వస్తూనే ఉంటాయి. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ గదుల్లోని అడవి బంధువులు.

కందినే తీసుకోండి. పప్పుచారు లేని ఇల్లు లేని నాడు మనది. కందికి పుట్టిల్లూ భారతదేశమే. దానికి అత్యంత దగ్గరి చుట్టం కజానస్ కజానిఫోలియస్ అనే అడవి మొక్క, తూర్పు కనుమల్లో, బస్తర్ వైపు పెరుగుతుంది. దూరం నుంచి చూస్తే కంది చెట్టే అనిపిస్తుంది. కాయ ఒలిచి చూస్తే తేడా తెలుస్తుంది. అడవి గింజ మీద, కాయకు అతికే చోట తెల్లటి కండ లాంటి చిన్న బుడిపె ఉంటుంది. మన కందిలో అది దాదాపు మాయమైంది. ఇక్రిశాట్‌లో పనిచేసిన డచ్చి వృక్షశాస్త్రవేత్త వాన్ డెర్ మేసన్ 1986లో ఈ కుటుంబం మొత్తాన్నీ తిరగరాశారు. అప్పటిదాకా అటైలోసియా అనే వేరే ప్రజాతిగా చలామణి అయిన అడవి మొక్కల్ని కంది గోత్రంలోనే కలిపేశారు. వర్గీకరణ పండితుల తగాదాలా కనిపించే ఈ పనికి పొలంలో ఫలితం వచ్చింది. చుట్టరికం దగ్గరిదైతే సంకరం కుదురుతుంది మరి.

అలాగే కుదిరింది. కంది పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు, తేనెటీగలు వాలితే పక్క చెట్టు పుప్పొడినీ కలుపుకుంటుంది. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే పుప్పొడి పనిచేయని తల్లి మొక్క కావాలి. కె.బి. సక్సేనా బృందం కజానిఫోలియస్‌ను తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేసి అలాంటి మొక్కను సాధించింది. ఒక పప్పుధాన్యంలో ఆ పద్ధతితో వాణిజ్య హైబ్రిడ్ రావడం ప్రపంచంలో అదే మొదలు. ఐసీపీహెచ్ 2671 దాని పేరు. తెలంగాణలో 2015లో ఐసీపీహెచ్ 2740ని మన్నెంకొండ కంది పేరుతో విడుదల చేశారు. అడవిలో లక్షల ఏళ్లుగా విడిగా నడిచిన జీవపదార్థం, నాగలి కింద వేల ఏళ్లు నలిగిన విత్తనంతో మళ్లీ కలిసింది. ఆశ అనే కంది రకం జన్యుపటాన్ని రాజీవ్ వర్ష్నేయ్ నాయకత్వంలో 2011లో చదివారు. 48,680 జన్యువులుంటాయని తేల్చారు.

ఇదంతా మనిషి ఏరుకున్న పరిణామం. ఏది ఉండాలో ఏది పోవాలో బ్రీడరే చెప్తాడు. ఆ మాట వినని జీవి మొదట అదే చేలో ఎదురైంది. శనగపచ్చ పురుగు.

1980ల చివర ఆంధ్ర పత్తి రైతుల్ని ఆత్మహత్యల దాకా తోసిన పురుగు ఇదే. సింథటిక్ పైరెథ్రాయిడ్లనే పురుగుమందులు కొట్టినకొద్దీ చావకుండా బతికినవి పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలకూ మందు ఎక్కలేదు. ఆంధ్రప్రదేశ్ పురుగుల్లో ఈ నిరోధకతను 1989 నాటికే శాస్త్రపత్రికల్లో నమోదు చేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు ఇక్రిశాట్ కీటకశాస్త్రవేత్తలు బ్రిటిష్ పరిశోధకులతో కలిసి అది ఎంత పెరుగుతోందో కొలుస్తూ వచ్చారు. గోడ పిట్టల్ని కాపాడింది కానీ రెక్కల పురుగును ఆపలేదు. పత్తి చేలో మందుకు తట్టుకున్న తల్లి పురుగు కంది పూత మీద వాలి గుడ్లు పెడుతుంది. రైతు పక్క నుంచి వచ్చిన జవాబు అతి సాదాది. ఇద్దరు చెట్ల కింద పరదా పట్టుకుంటే ఇంకొకరు చెట్టును దులపడం. రాలిన పురుగులు కోళ్ల పాలు. దులపడానికి తట్టుకునే పురుగు పుట్టాలంటే చాలా కాలం పడుతుంది. ప్రయోగశాలలో ఇంకొక జవాబు కజానస్ స్కారబియాయిడ్స్ దగ్గర దొరికింది. తీగలా పాకే ఆ అడవి కంది కాయ మీద నూగు ఎంత ఒత్తుగా ఉంటుందంటే చిన్న పురుగు కాయ తొక్క దాకా చేరడమే కష్టం.

ఇక గోడ బయటికి వద్దాం.

1960లలో హైదరాబాద్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వరంగ మందుల సంస్థ వచ్చింది. మందుల తయారీ తెలిసిన కెమిస్టులూ ఇంజినీర్లూ అక్కడ తయారయ్యారు, తర్వాత చాలామంది సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1970లలో వెనుకబడిన ప్రాంతం పేరుతో రాయితీలు ఇచ్చి పటాన్‌చెరును పారిశ్రామిక వాడ చేశారు. బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి అన్నీ మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లతో నిండాయి. వాటి నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరాలోకి దిగాయి. పంటలు మాడాయి, బావులు రంగు మారాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రైతుల్ని కూడగట్టారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది, సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు దానికి చేరేవి.

ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే 'శుద్ధి చేసిన' నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ, కొన్ని బ్యాక్టీరియాను చంపడానికి చాలిన మోతాదుకు వెయ్యి రెట్లు. రోజుకు లెక్కవేస్తే సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో మింగేంత మందు ఒక వాగులోకి ఒక్క రోజులో పోయేది. అదే నీటిని 500 రెట్లు పలుచన చేసి కప్పపిల్లల్ని పెంచితే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. 2009లో వచ్చిన మరో పరిశీలన చెరువుల్లోనూ, ఊళ్ల బావుల్లోనూ మందుల్ని పట్టుకుంది.

మామూలుగా చూస్తే ఇది విషం కథ. పరిణామ శాస్త్రవేత్త చూసేది వేరు. ఇన్ని మిల్లీగ్రాముల మందులో ఏదీ బతకకూడదు. అయినా శుద్ధి కేంద్రం బురదంతా బ్యాక్టీరియానే, మురుగును తినిపెట్టాల్సింది అవే కదా. అంటే అక్కడున్నవన్నీ జల్లెడ దాటినవి. 2013లో ఆ కేంద్రం నుంచి తీసిన బ్యాక్టీరియాలో 86 శాతం 20 లేక అంతకన్నా ఎక్కువ యాంటీబయోటిక్‌లకు లొంగలేదని తేలింది. 2011లో ఇసుకవాగు మట్టిలో, 2014లో కాజిపల్లి చెరువు మట్టిలో పరిశోధకులు బ్యాక్టీరియాను పెంచకుండా నేరుగా డీఎన్‌ఏనే చదివారు. కాజిపల్లిలో నిరోధక జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే సుమారు 7,000 రెట్లు ఎక్కువగా కనిపించాయి.

పురుగుకీ బ్యాక్టీరియాకీ ఒక పెద్ద తేడా ఉంది. పురుగు తన నిరోధకతను పిల్లలకే ఇస్తుంది. బ్యాక్టీరియా పక్కవాడికి కూడా ఇస్తుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఆ జన్యువు ఎక్కితే, చెరువులో హాని చేయని జాతి నుంచి రోగకారక జాతికి వంశంతో పనిలేకుండా దాటగలదు. కాజిపల్లి మట్టిలో అంతకుముందు ఎవరూ చూడని ప్లాస్మిడ్లు దొరికాయి. శాస్త్రవేత్తలకు ఆ చెరువు మీద అంత శ్రద్ధ ఏర్పడింది అందుకే. చెరువు కింది రైతుకు ఆ శ్రద్ధ వల్ల ఒరిగింది తక్కువ.

తర్వాత పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి, అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. మంజీరా గోదావరిలో కలుస్తుంది, అంబర్‌పేట పక్కనున్న మూసీ కృష్ణలో కలుస్తుంది. ఒక నది పరీవాహకం నుంచి సమస్యను ఇంకొక నది పరీవాహకానికి బదిలీ చేయడం మన ఇంజినీరింగ్ ఘనత. సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారిన కేసు 2017లో తీర్పుకొచ్చింది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ఇచ్చింది. ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో 121 యాంటీబయోటిక్‌లు ఏ మేరకు ఉండొచ్చో మొదటిసారి అంకెలు పెట్టింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెల పట్టిక మాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయోటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు ప్రకటించింది, వాటిని పాటించాలన్న బలవంతం ఎవరి మీదా లేదు. కంది చేలో ఏ గింజను ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించే మనిషి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది. నక్కవాగులో ఆ నిర్ణయం మందుది, మందు ఎంత వదలొచ్చన్నది మాత్రం ఇప్పటికీ ఏ చట్టంలోనూ రాసి లేదు.