దూరశ్రేణి లేజర్ త్రూ-బీమ్ సెన్సర్
కాంతిని పంపే భాగం, అందుకునే భాగం ఎదురెదురుగా ఉండి, మధ్యలో కిరణం తెగినప్పుడు వస్తువు ఉనికిని తెలిపే పారిశ్రామిక పరికరం దూరశ్రేణి లేజర్ త్రూ-బీమ్ సెన్సర్. దీని ఎంపికలో కేటలాగులోని గరిష్ఠ దూరం కంటే మిగులు కాంతి, అంటే పనిచేయడానికి కావలసినదానికి మించి అందే కాంతి, ముఖ్యం: సిమెంటు, బొగ్గు ధూళి కటకంపై పేరుకుంటే అందే కాంతి తగ్గుతుంది గనుక 60 మీటర్ల పనికి 60 మీటర్ల సెన్సర్ చాలదు. సన్నని కిరణాన్ని గురిపెట్టడం కష్టమన్న ఆక్షేపణ నిజమే, 0.1 డిగ్రీ తిరిగితే 60 మీటర్ల వద్ద అది సుమారు 10 సెంటీమీటర్లు జరుగుతుంది. అయితే 650 నానోమీటర్ల ఎర్రని చుక్క కంటికి కనబడుతుంది, బిగించేటప్పుడు సరిచూసుకోవచ్చు. అసలు చిక్కు తర్వాత వచ్చే ప్రకంపనలది. కదలని స్తంభం దొరకనిచోట వెడల్పు కిరణమిచ్చే ఎల్‌ఈడీ సెన్సరే మేలు. మనుషుల రక్షణకు మాత్రం ఐఈసీ 61496 ప్రమాణానికి లోబడిన పరికరాలే వాడాలి.