లెక్కలోకి రాని నిస్సత్తువ: వైద్య పరిశోధనలో రోగుల, సంరక్షకుల భాగస్వామ్యం

వైద్య పరిశోధనకూ రోగికీ ఉన్న సంబంధాన్ని తెలుగులో చెప్పబోతే విభక్తి ప్రత్యయాలే అందులోని తారతమ్యాలను బయటపెడతాయి. రోగి మీద జరిగే పరిశోధన వేరు, రోగి కోసం జరిగేది వేరు, రోగితో కలిసి జరిగేది వేరు. మొదటిదానిలో రోగి పరీక్షకు లోనయ్యే శరీరం, రెండవదానిలో ఫలితం అందుకునే లబ్ధిదారు. మూడవదానిలో మాత్రమే ఏ ప్రశ్న అడగాలి, దేన్ని కొలవాలి, కొలిచినదానికి ఏ అర్థం చెప్పుకోవాలి అన్న నిర్ణయాల్లో పాలుపంచుకునే వ్యక్తి. ఔషధ పరీక్షలో పేరు నమోదు చేయించుకుని మందు వాడటాన్ని ఈ వ్యాసం 'పాల్గొనడం' అనీ, పరిశోధన రూపకల్పనలో చేయి కలపడాన్ని 'భాగస్వామ్యం' అనీ వేరుచేసి వ్యవహరిస్తుంది. ఈ భాగస్వామ్యాన్ని కొందరు రోగి హక్కుగా, కొందరు పరిశోధకుల మర్యాదగా సమర్థిస్తారు. ఆ సమర్థనలు సరైనవే అయినా అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. జబ్బుతో రోజులు గడిపేవారికి తప్ప మరెవరికీ అందని సంగతులు కొన్ని ఉంటాయి గనుక, వారిని బయట నిలబెట్టిన పరిశోధనలో కొలతే తప్పిపోతుంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ పరిశోధన చరిత్ర ఇందుకు తిరుగులేని సాక్ష్యం.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరల మీద దాడి చేయడం వల్ల వచ్చే ఈ జబ్బు పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి కొత్త మందు పనిచేసిందో లేదో తేల్చడానికి ఒక్కొక్క పరిశోధక బృందం ఒక్కొక్క కొలమానాన్ని వాడుతుండటంతో, ఒకరి ఫలితాలను మరొకరి ఫలితాలతో పోల్చడం అసాధ్యమైంది. ఆ చిక్కు విప్పడానికి 1992లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో సమావేశమైన వైద్యుల వేదికే తరువాత ఓమెరాక్ట్ అన్న పేరుతో స్థిరపడింది. ఆ కృషి ఫలితంగా, నొక్కితే నొప్పిపుట్టే కీళ్ల సంఖ్య, వాచిన కీళ్ల సంఖ్య, నొప్పి తీవ్రత, జబ్బు స్థితిపై రోగి వేసే మొత్తం అంచనా, వైద్యుడు వేసే మొత్తం అంచనా, పనులు చేసుకోగల శక్తి, రక్తంలో వాపును సూచించే పదార్థాల స్థాయి అనే 7 అంశాలతో ఒక మూల జాబితా ఏర్పడింది. ఈ జబ్బుపై జరిగే ఏ ఔషధ పరీక్షలోనైనా తప్పక కొలవవలసిన కనీస అంశాల పట్టిక అది. శాస్త్రీయంగా అది చిన్న విజయం కాదు. అయితే దాన్ని రూపొందించిన బల్ల చుట్టూ ఆ జబ్బు ఉన్నవారు రోగులుగా కూర్చోలేదు.

2002లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో జరిగిన ఆరవ సమావేశానికి తొలిసారిగా 11 మంది రోగులను ఆహ్వానించినప్పుడు, వారు ప్రస్తావించిన ప్రధాన బాధల్లో ఒకటి ఆ 7 అంశాల్లో ఎక్కడా లేకపోవడం బయటపడింది. అది నిస్సత్తువ. దానితోపాటు నిద్ర చెడిపోవడం, ఒంట్లో బాగుందన్న భావన కరవవడం కూడా వారి మాటల్లో వచ్చాయి. 2005లో బ్రిస్టల్ పరిశోధకురాలు సారా హ్యూలెట్ బృందం ప్రచురించిన అధ్యయనంలోని రోగులు ఈ నిస్సత్తువ తమను ముంచెత్తుతుందనీ, అదుపుకు లొంగదనీ, వైద్యులు దాన్ని పట్టించుకోరనీ వివరించారు. 2006లో మాల్టాలో జరిగిన ఎనిమిదవ సమావేశం, ఈ జబ్బుపై జరిగే పరీక్షల్లో వీలైనంతవరకు నిస్సత్తువను కూడా కొలవాలని తీర్మానించింది. తొలి సమావేశానికీ ఈ తీర్మానానికీ నడుమ 14 సంవత్సరాలు గడిచాయి. ఈ జబ్బు చికిత్సనే మార్చివేసిన బయోలాజిక్ మందులు మార్కెట్‌లోకి వచ్చినది సరిగ్గా ఆ కాలంలోనే. అంత ముఖ్యమైన మందులను పరీక్షిస్తున్న రోజుల్లో రోగిని మంచం మీద నుంచి లేవనివ్వని బాధ తప్పనిసరి కొలతల్లో లేకపోవడం తేలికగా తీసుకోదగిన లోపం కాదు. అది ఎవరి దురుద్దేశం వల్లా జరగలేదు. వాపు వేలికి తగులుతుంది, రక్తపరీక్ష అంకె చూపిస్తుంది, నిస్సత్తువ మాత్రం అనుభవించేవారు నోరు విప్పితే తప్ప తెలియదు.

తెలుగు పాఠకులు ఆలోచించవలసిన భాషాసమస్య ఒకటి ఇక్కడే ఉంది. నిస్సత్తువను కొలిచే ప్రశ్నావళులు చాలావరకు ఆంగ్లంలో పుట్టినవి. వాటిని తెలుగులోకి తెచ్చేవారు నిఘంటువు చూసి 'అలసట' అన్న మాటను ఎంచుకోవడం సహజం. కాని తెలుగువాడుకలో అలసట పని వెంట వస్తుంది, కూర్చుంటే తీరుతుంది. 'నీరసం' అంటే తిండి లేకనో జ్వరం తగిలో వచ్చినదన్న ధ్వని ఉంది. ఏ పనీ చేయకపోయినా ఒళ్లు బరువెక్కి, నిద్రపోయి లేచినా తీరని స్థితిని తెలుగు రోగులు 'ఒంట్లో ఓపిక లేదు' అంటారు. ఓపిక అన్న ఆ ఒక్క మాటలోనే సత్తువా, సహనమూ రెండూ ఇమిడి ఉన్నాయి కాబట్టి, అది లేదన్నప్పుడు శరీరం చెప్పేదీ మనసు చెప్పేదీ ఒకే మాటగా వినిపిస్తుంది. 'మీకు అలసటగా ఉంటోందా' అని అడిగితే 'పనేమీ చేయడం లేదు, అలసట ఎందుకుంటుంది' అన్న జవాబు రావడానికీ, దాని పక్కన సున్నా పడటానికీ అవకాశం ఉంది. అనువాదాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూసే పద్ధతి ఈ తప్పును పట్టుకోలేదు, ఎందుకంటే నిఘంటువు ప్రకారం ఆ అనువాదంలో తప్పు లేదు. దాన్ని పట్టుకోగలిగినది ప్రశ్నావళి తయారీలో మొదటినుంచి కూర్చున్న రోగి ఒక్కరే.

కొలతకంటే ముందున్న మెట్టు ప్రశ్నను ఎంచుకోవడం. మోకాలి కీలు అరుగుదలపై జరిగిన పరిశోధనలనూ, రోగులు కోరుకున్న పరిశోధనలనూ పోల్చిన ఒక అధ్యయనం 2000లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. పరిశోధనల్లో అధికభాగం మందుల చుట్టూ తిరగగా, రోగులకు కీలుమార్పిడి గురించీ, జబ్బుతో ఎలా నెట్టుకురావాలన్న అవగాహన గురించీ తెలుసుకోవాలని ఉందని అది చూపింది. ఈ ఎడాన్ని పూడ్చడానికి 2004లో బ్రిటన్‌లో ఏర్పడిన జేమ్స్ లిండ్ అలయన్స్ రోగులను, సంరక్షకులను, వైద్యులను సమాన స్థాయిలో కూర్చోబెట్టి, జవాబు దొరకని ప్రశ్నల్లో అత్యవసరమైనవాటిని ఎంపిక చేయిస్తుంది.

సంరక్షకుల పాత్ర ఇంతకంటే జటిలమైనది. మన ఆసుపత్రుల్లో వారిని 'పేషెంటు తాలూకు' అని పిలుస్తారు. ఆ పిలుపులో వారికి సొంత ఉనికి లేదు. హైదరాబాద్ నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం, రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైందని చూపి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. మతిమరుపు మొదలైన వయసును రోగి తనంతట తాను చెప్పలేని జబ్బు ఇది కాబట్టి, ఇటువంటి పరిశోధన దాన్ని కుటుంబసభ్యుల జ్ఞాపకం నుంచే రాబట్టుకోవాలి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన రోజు గుర్తున్న కోడలు, తెలిసిన వీధిలోనే తండ్రి దారి తప్పిన సాయంత్రం గుర్తున్న కొడుకు లేకపోతే ఈ రంగంలో పరిశోధన ఒక్క అడుగు కూడా వేయలేదు. సమాచారం ఇచ్చేంతవరకు సంరక్షకులు అనివార్యులు; ఏ సమాచారం కావాలో నిర్ణయించే చోట మాత్రం వారు అరుదుగా కనిపిస్తారు.

అలాగని సంరక్షకులను రోగికి బదులుగా నిలబెట్టడం సరికాదు. డిమెన్షియా రోగుల జీవననాణ్యతను ఇద్దరినీ విడివిడిగా అడిగిన అధ్యయనాల్లో, రోగులు తమకు ఇచ్చుకునే అంచనా కంటే సంరక్షకులు ఇచ్చే అంచనా సాధారణంగా తక్కువగా ఉంటుంది. సంరక్షకుల చూపులో వారి సొంత బడలిక, బెంగ, నిద్రలేని రాత్రులు కలిసిపోతాయి. అది దాచవలసిన దోషం కాదు, విడిగా పరిశోధించవలసిన విషయం.

ఒకరి తరఫున మరొకరు మాట్లాడటం ఎంత దూరం వెళ్లగలదో తెలుగు నేలకు తెలియనిది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడాది నిలిపివేశారు. టీకా వేయించుకున్న బాలికల్లో కొందరి మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చినప్పటికీ, ఎన్నో అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన వైనాన్ని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా ఆక్షేపించింది. అటుపై వచ్చిన 2019 నాటి ఔషధ పరీక్షల నిబంధనలు, పరీక్షలకు అనుమతినిచ్చే ప్రతి నైతిక సంఘంలోనూ ఒక సామాన్య వ్యక్తి ఉండాలని నిర్దేశించాయి. ఇది అవసరమైన రక్షణే. కాని ఆ సభ్యుని ముందుకు వచ్చేసరికి ప్రశ్న, కొలత, గడువు అన్నీ నిర్ణయమైపోయి ఉంటాయి కాబట్టి, అవుననడమో కాదనడమో తప్ప ఆ స్థానంలో భాగస్వామ్యానికి చోటు మిగలదు.

పిలిచిన ఒకరిద్దరు రోగులు అందరికీ ప్రతినిధులెలా అవుతారన్న అభ్యంతరం తరచు వినిపిస్తుంది. చదువుకున్నవారు, పట్టణవాసులు, తీరిక ఉన్నవారే ముందుకొస్తారన్న మాట నిజమే. దానికి విరుగుడు మరింత మందిని వెతికి పిలవడమేగాని పిలవడం మానుకోవడం కాదు. పైగా సమావేశంలోని వైద్యుడు వైద్యులందరికీ ప్రతినిధి కావాలని ఎవరూ షరతు పెట్టరు. ఐరోపా రుమటాలజీ సంఘం 2011లో ఇచ్చిన సిఫారసుల్లో ప్రతి ప్రాజెక్టులోనూ కనీసం ఇద్దరు రోగులు ఉండాలని చెప్పడంలో ఒక మెలకువ ఉంది. నిపుణుల నడుమ ఒంటరిగా కూర్చున్న రోగి గొంతు పెగలదు, పక్కన మరొకరుంటే పెగులుతుంది. మిగిలినవి చిన్నవిగా కనిపించే ఏర్పాట్లు: కూలి పోగొట్టుకుని వచ్చినవారికి ఆ రోజు కూలి, ప్రయాణపు ఖర్చు, మంచంలో ఉన్న తల్లిని వదిలి వచ్చిన సంరక్షకురాలికి ఆ పూట ఇంట్లో మరొక మనిషి, పత్రాలు తెలుగులో, ముందు రోజే చేతిలో. రుమటాయిడ్ రోగికి తెల్లవారాక కీళ్ల బిగుతు సడలడానికి గంటకు పైగా పట్టవచ్చు గనుక, ఆమెను పిలిచే సమావేశాన్ని ఉదయం 8 గంటలకు కాక మధ్యాహ్నానికి పెట్టాలి.