చెట్టు కింద నుంచి కాంపౌండులోకి

తెలంగాణ పల్లెల గురించి రాసేవాళ్లు కల్లు కాంపౌండును బొడ్రాయి, చెరువు, ఎల్లమ్మ గుడి సరసన నిలబెడతారు. ఊరు పుట్టిననాడే అదీ పుట్టినట్టు మాట్లాడతారు. కల్లు పాతదే, అందులో వాదం లేదు. బోనాల్లో సాక పోయాలన్నా, గీతవాళ్ల దేవుడు కాటమయ్యకు పండుగ చేయాలన్నా, చావుకూ పెళ్లికీ చుట్టాలను కూర్చోబెట్టాలన్నా కల్లు కావలసిన ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ చుట్టూ గోడ, గల్లాపెట్టె, గుమాస్తా, లైసెన్సు ఉన్న దుకాణం ఊరు తనకోసం కట్టుకున్నది కాదు. దాన్ని కట్టించింది ఆబ్కారీ శాఖ. ఈ తేడా పట్టించుకోకపోతే కల్తీ కల్లు గీతకార్మికుల నీతికి సంబంధించిన సంగతిగా కనిపిస్తుంది. దాని మూలం వేలంపాటల లెక్కల్లో ఉందని నా వాదన.

ముందు కల్లు స్వభావం చూడాలి. లొట్టిలో పడిన రసం గంటల్లోనే పులుస్తుంది, మర్నాటికి తాగలేనంత పుల్లనైపోతుంది. నిలవ ఉంచడానికి లేదు, దూరం పంపడానికి లేదు. ఈతచెట్టు చలికాలంలో పారుతుంది, తాడిచెట్టు ఎండాకాలంలో. ఈతకు మెడ దగ్గర చెక్కి గాటు పెట్టాలి. తాడికి గెలను రోజూ పలచగా చివ్వుతూ, పూటపూటా మోకు వేసుకుని ఎక్కుతూ ఉండాలి. ఒక చెట్టు బాగా పారుతుంది, పక్కది మొండికేస్తుంది. వాన పడితే లొట్టి నీళ్లపాలు. ఇలాంటి సరుకుకు సహజమైన దుకాణం చెట్టు నీడే. గీసినవాడే దించుతాడు, దించినవాడే వంచుతాడు, తాగేవాడు తాటాకు దొప్ప పట్టుకుని కింద కూర్చుంటాడు. కల్లు అయిపోతే ఆనాటికి అమ్మకం అయిపోయినట్టే.

సర్కారు కల్లు మీద పన్ను వేయడం కొత్త కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, భాగ్‌నగరానికి, అంటే హైదరాబాదుకు, రోజూ ఐదారువందల గుర్రాల మీద తోలుతిత్తుల్లో కల్లు వచ్చేదనీ, దాని మీద సుల్తానుకు గొప్ప రాబడి ఉండేదనీ రాశాడు. అయితే అది రాజధాని నగరం ముచ్చట, నగరంలోకి వచ్చే సరుకు మీద పన్ను. పల్లెలో సంగతి ఎలా ఉండేదో సర్వాయి పాపన్న కథలో కొంత జాడ దొరుకుతుంది. గీత వృత్తిలో పుట్టి, కోటలు కట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టిన పాపన్న చివరకు 1710లో పట్టుబడ్డాడు. ఓడిపోయి మారువేషంలో తిరుగుతూ ఒక ఊళ్లో కల్లు అమ్మేవాడి దగ్గర ఆగినప్పుడు అతడు ఆనవాలు పట్టాడని మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ కథనం. పాపన్న మీద అభిమానం ఉన్నవాళ్లకు ఆ ఘట్టం చేదుగా ఉంటుంది. మన చర్చకు మాత్రం అది సాక్ష్యం: పాపన్ననాటికే పల్లెలో కల్లు అమ్మే చోటు ఉంది. ఆ కథలో కనిపించనిది, దుకాణాన్ని వేలంలో పాడుకునే గుత్తేదారు.

ఆ గుత్తేదారు బ్రిటిష్ జిల్లాల్లోనూ నిజాం రాజ్యంలోనూ దాదాపు ఒకే తోవలో వచ్చాడు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం తర్వాత కోస్తా, రాయలసీమ జిల్లాల్లో చెట్టుకు ఇంత అని పన్ను, చెట్టు మీద నంబరు, దుకాణానికి ఏటా వేలం అనే పద్ధతి స్థిరపడింది. నిజాం ఇలాకాలో ఆబ్కారీ సర్కారు ప్రధాన ఆదాయాల్లో ఒకటి. హర్రాజులో ఎక్కువ పాడినవాడికే దుకాణం. గీసేవాడు ఆ దుకాణానికి కూలివాడయ్యాడు. చెట్టు నుంచి పడితే నడుము అతనిది, అమ్మకం గుత్తేదారుది. దీనికి తోడు దేశ్‌ముఖుల గడీలకు వెట్టి కింద కల్లు పోయడానికి కొన్ని చెట్లు విడిగా ఉంచాల్సి వచ్చేది. దుకాణంలో కూర్చునేవాళ్లలోనూ ఊరి అంతరాలు అట్లాగే ఉండేవి. చాలాచోట్ల దళితులకు కూర్చునే చోటు వేరు, తాగే పాత్ర వేరు. గోడ పక్కన గుడాలు, బోటి అమ్ముకునే ఆడవాళ్లు ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు గానీ కాంపౌండు వాళ్ల బతుకుదెరువు కూడా. ఇక అసలు లెక్క. వేలంలో పాడిన మొత్తం మారదు, కిస్తీ ఆగదు. చెట్టు పారకం మాత్రం రోజుకో తీరు. కట్టాల్సిన పైకానికీ దిగిన కల్లుకూ మధ్య తేడాను ఎవడో ఒకడు పూడ్చాలి. మొదట నీళ్లు, తర్వాత శాక్రిన్, ఆ తర్వాత క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం. మనుషులు దుర్మార్గులు కావడం వల్లనే ఇది జరిగిందంటే లెక్క తప్పు. మంచివాడు వేలం పాడినా ఆ ఖాళీ అట్లాగే ఉండేది.

కాంపౌండు తెలంగాణ ముద్రతో మిగిలిపోవడానికి కారణం కూడా సర్కారు నిర్ణయాలే. రాజాజీ మంత్రివర్గం 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక ఈ నిషేధం గొడవలోనే 1954లో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. అన్నేళ్లూ హైదరాబాదు రాష్ట్రంలో దుకాణాలు తెరిచే ఉన్నాయి. అటువైపు కల్లు చాటుకు పోయింది, ఇటువైపు గోడ కట్టుకుని స్థిరపడింది. తాగుడు తెలంగాణవాడి స్వభావమని తేలిగ్గా అనేవాళ్లు ఈ తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. బొమ్మగాని ధర్మభిక్షం వంటి కమ్యూనిస్టు నాయకులు గీతకార్మికులను కూడగట్టి, చెట్టు గీసేవాడిదే అని పోరాడారు. సహకార సంఘాలు వచ్చాయి, గీసేవాడికే చెట్టు ఇచ్చే పథకం వచ్చింది, గుత్తేదారు చట్టం దృష్టిలో తప్పుకున్నాడు. తెలంగాణ ఏర్పడ్డాక చెట్టు పన్ను కూడా తీసేశారు. మరి కల్తీ ఎందుకు ఆగలేదు? దుకాణాన్ని సంఘానికి అప్పగించారే గానీ దుకాణం తీరు మార్చలేదు కాబట్టి అని నా జవాబు. చెట్లు నరికి పొలాలు చేశారు, పొలాలు ప్లాట్లయ్యాయి; సీసాల లెక్క తగ్గలేదు. లైసెన్సు సంఘం పేరిట, పెట్టుబడి ఇంకొకరిది అనే ఆరోపణలు అనేకచోట్ల వినిపిస్తూనే ఉన్నాయి. పైగా మత్తుమందుకు అలవాటుపడ్డ ఒంటికి అసలు కల్లు ఆనదు, చేతులు వణుకుతాయి. అంటే వేలం పోయినా, అది పెంచిన గిరాకీ మిగిలింది. అందుకు గీసేవాళ్ల సంఘాలదీ బాధ్యత కొంత ఉంది. దాన్ని కప్పిపుచ్చితే ధర్మభిక్షం చేసిన పనికి న్యాయం చేసినట్టు కాదు.

హైదరాబాదులో 2004లో మూసేసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. వృత్తిదారుల ఉపాధి కోసం అన్నారు, అది న్యాయమైన మాటే. కానీ నగరంలో చెట్లెక్కడివి? 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. లైసెన్సులు రద్దు చేయడం, మళ్లీ ఇవ్వడం చాలాసార్లు చూశాం. ఆబ్కారీ శాఖ దగ్గర చెట్ల నంబర్లు ఎలాగూ ఉంటాయి. ప్రతి దుకాణం గోడ మీద దాని కింద ఎన్ని చెట్లున్నాయో, అవి ఏ ఊళ్లో ఉన్నాయో, ఆనాడు ఎన్ని లీటర్లు దిగిందో రాయించాలి. అంతకు మించి ఒక్క సీసా అమ్మినా అందులో ఉన్నది కల్లు కాదని తాగేవాడికే తెలుస్తుంది.