కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే

కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే (ఆల్ఫ్రెడ్ రాజు బాట) ఇంగ్లాండు దక్షిణ భాగంలోని సుద్దకొండల మీదుగా సాగే ఒక సైకిలు మార్గం. దీని పొడవు సుమారు 350 కిలోమీటర్లు. ఇది వించెస్టర్ నగరంలో మొదలై, పెద్ద చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే ముగుస్తుంది. బ్రిటన్‌లో సైకిలు నడిపేవారి సంస్థ అయిన సైక్లింగ్ యూకే దీనిని 2020 ఆగస్టులో ప్రారంభించినది. దారిలో ఎక్కువ భాగం తారు వేయని బాటలే కావడం వలన గ్రావెల్ సైకిలు నడిపేవారిలో ఇది ప్రసిద్ధి పొందినది. ఈ మార్గం కొత్తగా వేసినది కాదు. అంతకుముందే ఉన్న గుర్రపు బాటలను, బండ్ల బాటలను, చిన్న రోడ్లను కలుపుతూ గీసినది.

క్రీ.శ. 871 నుండి 899 వరకు వెసెక్స్ రాజ్యాన్ని పాలించిన ఆల్ఫ్రెడ్ పేరు దీనికి పెట్టారు. ఆయనకు వించెస్టర్‌తో గాఢమైన సంబంధం కలదు. 1901లో నగరంలో ప్రతిష్ఠించిన ఆయన కంచు విగ్రహం వద్ద ఈ ప్రయాణం ప్రారంభమవుతుంది.

గ్రావెల్ సైకిలు

గ్రావెల్ అనగా కంకర. చూడడానికి పందెపు సైకిలు వలెనే వంపు తిరిగిన హ్యాండిల్ ఉండి, టైర్లు మాత్రం వెడల్పుగా (సాధారణంగా 40 నుండి 50 మిల్లీమీటర్లు) ఉండే సైకిలును గ్రావెల్ సైకిలు అంటారు. తారు రోడ్డు మీద వేగంగాను, మట్టిబాట మీద నిలకడగాను పోగలగడం దీని ప్రత్యేకత. అమెరికాలోని కాన్సాస్ వంటి ప్రాంతాలలో వందల కిలోమీటర్ల కంకర రోడ్ల మీద జరిగిన పందేలతో ఈ రకం సైకిళ్ళకు ఆదరణ పెరిగినది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య గ్రావెల్ విభాగంలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలను 2022లో ఇటలీలో నిర్వహించినది. ఇంగ్లాండులో అటువంటి పొడవాటి కంకర రోడ్లు లేవు. అక్కడ గ్రావెల్ సైకిలు అంటే ముఖ్యంగా పాత పల్లె బాటల మీద ప్రయాణమే.

సుద్ద నేల

ఈ కొండలను అక్కడివారు "డౌన్స్" అంటారు. ఈ మాటకు పల్లం అనే అర్థం లేదు. పాత ఇంగ్లీషులో కొండ అని అర్థమిచ్చే "డూన్" అనే పదం నుండి ఇది వచ్చినది. దాదాపు 10 కోట్ల నుండి 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, క్రెటేషియస్ యుగపు ఉత్తరార్ధంలో, వెచ్చని సముద్రపు అడుగున కంటికి కనిపించని నాచుజీవుల పెంకులు పేరుకొని సుద్దగా మారాయి. తరువాత ఆ పొరలు పైకి లేచి, వానకు, మంచుకు అరిగి, మొనలు లేని గుండ్రని కొండలుగా మిగిలాయి. (తరగతి గదిలో వాడే సుద్దముక్క ఇప్పుడు చాలావరకు జిప్సంతో చేసినది. ఈ కొండల సుద్ద మాత్రం అసలైన సుద్ద.)

సుద్ద నీటిని పీల్చుకొంటుంది. అందుచేత కొండల మీద వాగులు ఉండవు, లోయలు కూడా చాలావరకు పొడిగా ఉంటాయి. లోపలికి ఇంకిన నీరు కొండ అడుగున ఊటలుగా వెలువడుతుంది. ఊళ్ళు కూడా ఆ ఊటల వెంబడే వెలిశాయి. వించెస్టర్ గుండా పారే ఇచెన్ అటువంటి ఊటల నది. ప్రపంచంలోని సుద్దవాగులలో అత్యధిక భాగం ఇంగ్లాండులోనే ఉన్నాయి. మేకలు, గొర్రెలు తరతరాలుగా మేసిన పలుచని పచ్చిక మరొక విశేషం. ఒక చదరపు మీటరులో 40 వరకు మొక్కల జాతులు కనిపించే చోట్లు కలవు. బురద తప్పించుకోవడానికి సైకిళ్ళు బాట పక్కకు జరిగినకొద్దీ ఈ పచ్చికే నలుగుతుంది.

సైకిలు నడిపేవారికి ఈ నేలతో రెండు చిక్కులు కలవు. మొదటిది తడి. ఎండిన సుద్ద రాతిలా గట్టిగా ఉంటుంది. వాన పడితే దాని పైపొర మెత్తని పేస్టులాగా మారి, సబ్బు పూసిన బండలా జారుతుంది. ఏటవాలులో బ్రేకు వేసినా చక్రం ఆగదు. రెండవది చెకుముకి రాయి. సుద్ద పొరల మధ్య గడ్డలుగా ఏర్పడిన ఈ రాయి పగిలినప్పుడు గాజుపెంకులా పదునుగా ఉంటుంది. ఆదిమానవుడు గొడ్డళ్ళు, బాణపు ములుకులు చేసుకొన్నది దీనితోనే. అదే పదును ఇప్పుడు టైర్లను కోస్తున్నది. ట్యూబు లేని టైర్లలో రంధ్రాన్ని తనంతట తానే పూడ్చే పాలవంటి ద్రవం పోసి వాడడం ఇక్కడ చాలామందికి అలవాటు.

మార్గం

వించెస్టర్ నుండి పశ్చిమంగా సాలిస్‌బరీ చేరిన తరువాత మార్గం ఉత్తరానికి తిరుగుతుంది. సాలిస్‌బరీ కెథెడ్రల్ శిఖరం (123 మీటర్లు) బ్రిటన్‌లోని చర్చి శిఖరాలలో అన్నిటికంటె ఎత్తైనది. ఓల్డ్ సారం కోట దిబ్బ, స్టోన్‌హెంజ్ దాటాక సాలిస్‌బరీ మైదానం వస్తుంది. ఇది సైన్యం శిక్షణకు వాడే భూమి. హెచ్చరిక బోర్డులను పాటిస్తూ బాట విడిచి పోకుండా సాగాలి. సాగులోకి రాకుండా సైన్యం చేతిలో ఉండిపోవడం వల్లనే వాయవ్య ఐరోపాలో అతి విశాలమైన సుద్ద పచ్చిక ఇక్కడ మిగిలినదని చెప్పవచ్చు.

ఏవ్‌బరీ రాతి వలయాల తరువాత మొదలయ్యే రిడ్జ్‌వే ఈ ప్రయాణానికి ప్రాణం వంటిది. కొండల వీపు మీదుగా పోయే ఈ బాట కనీసం 5,000 సంవత్సరాల నాటిదని, బ్రిటన్‌లోకెల్లా పాతదని అంటారు. లోయలు అడవితోను, చిత్తడితోను నిండి ఉండగా గుట్ట మీది పొడి సుద్దనేల నడకకు అనువుగా ఉండేదన్నది దీనికి చెప్పే కారణం. అయితే ఇది ఆ కాలం నుండి ఒకే అవిచ్ఛిన్నమైన రహదారిగా ఉన్నదన్న మాటను పురావస్తు శాస్త్రజ్ఞులందరూ అంగీకరించరు. బార్బరీ, లిడింగ్టన్, అఫింగ్టన్ కోటలు ఇనుపయుగానివి. వేలాండ్స్ స్మిదీ నవీన శిలాయుగపు సమాధి. అఫింగ్టన్ వద్ద కొండవాలులో కందకం తవ్వి సుద్ద కూరి గీసిన సుమారు 110 మీటర్ల తెల్లగుర్రం బొమ్మ కంచుయుగపు చివర లేక ఇనుపయుగపు మొదట చేసినదని మట్టి పరీక్షలలో తేలినది. మనుషులు కొన్నేళ్ళకొకసారి కలుపు తీసి కొత్త సుద్ద దట్టించకపోతే ఆ గుర్రం గడ్డిలో కలిసిపోయేది.

స్ట్రీట్లీ వద్ద మార్గం రిడ్జ్‌వేను విడిచి రీడింగ్ పట్టణం వైపు పోతుంది. అక్కడి నుండి ఫార్నం, డెవిల్స్ పంచ్‌బౌల్ వరకు ఉన్నది ఎక్కువగా ఇసుక నేల. దక్షిణాన మళ్ళీ సుద్దకొండలు ఎదురవుతాయి. 1972లో జాతీయ బాటగా ప్రారంభమైన సౌత్ డౌన్స్ వే మీదుగా బట్సర్ కొండ (సుమారు 270 మీటర్లు), ఓల్డ్ వించెస్టర్ కొండ దాటి మార్గం బయలుదేరిన చోటికి చేరుతుంది.

బాట హక్కులు

ఇంగ్లాండులో ప్రైవేటు పొలాల గుండా పోయే బాటల మీద ప్రజలకు నడిచే హక్కు కలదు. కాని బాటలన్నీ ఒకటి కావు. కాలిబాట నడిచేవారికి మాత్రమే. గుర్రపు బాట మీద గుర్రాలు, సైకిళ్ళు కూడా పోవచ్చు. తెలుగునాట డొంక, పుంత అని పిలిచే వాటిని పోలిన బండ్ల బాటలు మూడవ రకం. సైకిళ్ళకు గుర్రపు బాటల మీద హక్కు 1968లో చేసిన గ్రామీణ ప్రాంతాల చట్టంతోనే వచ్చినది. పాదచారులకు, గుర్రాలకు దారి ఇవ్వాలని అదే చట్టం షరతు పెట్టినది. బాటను సైకిళ్ళకు అనువుగా తీర్చే బాధ్యతను మాత్రం ఎవరిమీదా ఉంచలేదు. మొత్తం బాటలలో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా కాలిబాటలే కాబట్టి, పటంలో అందంగా కనిపించే దారి చాలాసార్లు సైకిలుకు మూసి ఉంటుంది. థేమ్స్ నదికి తూర్పున రిడ్జ్‌వేలో పెద్ద భాగం పరిస్థితి ఇదే. స్కాట్లాండులో 2003 చట్టం ప్రకారం బాధ్యతగా మెలిగేంత వరకు చాలా భూముల మీద సైకిలుకు అనుమతి ఉన్నది. సరిహద్దుకు రెండు వైపుల ఇంత తేడా రావడానికి నేల కారణం కాదు, చట్టమే.

ఒక బాట హోదాను నిర్ణయించేది స్థానిక ప్రభుత్వం వద్ద ఉండే అధికారిక పటం. పాత బండ్ల బాట పొరపాటున కాలిబాటగా నమోదై ఉంటే, పాత పటాలు, దస్తావేజులు చూపి సరిచేయించుకోవాలి. 2000 నాటి చట్టం ఇందుకు 2026 జనవరి 1 గడువు పెట్టినది. తరువాత ఆ గడువును 2031కి పొడిగించారు. గడువునే ఎత్తివేయాలన్న నిర్ణయాన్ని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించినది. ఇటువంటి మార్గం ఒకటి గీయడానికి ముందు ఎన్నో ఏళ్ళుగా ఎవరో దస్త్రాలు వెతికి ఉండాలి.

ప్రయాణం

చాలామంది దీనిని మూడు నుండి ఐదు రోజులలో పూర్తి చేస్తారు. మే నుండి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలం. చలికాలంలో మోటారు వాహనాల చక్రాలు రిడ్జ్‌వేను లోతైన గాళ్ళుగా దున్నేవి. అందుచేత ఆ నెలలలో కొన్ని భాగాలలో వాటిని నిషేధిస్తున్నారు. ఎండాకాలంలో ఆ గాళ్ళే గట్టిపడి చక్రాన్ని పట్టేస్తాయి. కొండ మీద నీడ తక్కువ, నీరు దాదాపు లేదు. రిడ్జ్‌వే పక్కన అక్కడక్కడ కుళాయిలు ఉన్నాయి. సౌత్ డౌన్స్‌లో గొర్రెల కోసం బంకమట్టి మెత్తి కట్టిన కుంటలు కనిపిస్తాయి గాని ఆ నీరు తాగడానికి పనికిరాదు. నీటి కోసం కొండ దిగి ఊటల పక్కనున్న ఊరికి పోతే, దిగినంతా తిరిగి ఎక్కవలసి ఉంటుంది. వించెస్టర్, సాలిస్‌బరీ, రీడింగ్‌లలో రైలు స్టేషన్లు ఉన్నందున మార్గాన్ని ముక్కలుగా కూడా పూర్తి చేయవచ్చు.