వజీఫా నుంచి మెరిట్ లిస్టు దాకా

హైదరాబాద్ యాకుత్‌పురాలో పెద్దవాళ్లు స్కాలర్‌షిప్‌ను 'వజీఫా' అంటారు. నౌకరీ దిగిపోయినవాళ్లకి నెలనెలా వచ్చే పింఛనుకూ అదే మాట. రెండూ సర్కారు దయగా అందిన రోజుల నుంచి మిగిలిన పదమిది.

ఆ దయకు పేరు మోసిన ఉదాహరణ సరోజినీ నాయుడు. పన్నెండేళ్లకే, 1891లో, మద్రాసు మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం. 1895లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన వజీఫాతో ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జ్ గర్టన్‌లో చదివింది. ఆమె తెలివికి వంక పెట్టలేం. కానీ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేట్ చేసి వచ్చి హైదరాబాద్‌లో కాలేజీ నడిపిన మనిషి. కూతురి మార్కుల సంగతి దివాణానికి చేరడానికి ఆ ఇల్లే దారి. యాకుత్‌పురా దర్వాజా లోపలి గల్లీలో అంతే చురుకైన పిల్ల ఉండి ఉంటే ఆమె కబురు మోసుకెళ్లేవాళ్లెవరు? నాకు ఈ ప్రశ్న ఎప్పుడూ గుచ్చుకుంటుంది.

1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడ్డాక దారి కొంచెం వెడల్పయింది. అక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జ్ చేరి, లైప్‌జిగ్‌లో భౌతికశాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేశాడు. సొంత జబాన్‌లో లెక్కలు నేర్చినవాడు అంత దూరం వెళ్లాడంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఎంపిక దొరల చేతుల్లోంచి పరీక్షల చేతుల్లోకి మారింది. 1961లో జాతీయ మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రతిభాన్వేషణ పరీక్ష 1963లో ఢిల్లీలో మొదలై మరుసటేడు దేశమంతా పాకింది. మొదట్లో అది సైన్స్ పిల్లలకే.

ఇప్పుడు ఇంటర్ పాసైన పిల్లలకు ముఖ్యమైనది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి ఏటా కొత్తగా 82,000, అందులో సగం అమ్మాయిలకు. ఎవరి కూతురని అడగరు, అది గొప్ప మార్పు. అయితే డిగ్రీలో అందేది ఏడాదికి 12,000. నెలకు వెయ్యి. ఒకరికి సీమ చదువంతా మోసిన వజీఫా, వేలమందికి పంచేసరికి బస్సు ఛార్జీలకూ జిరాక్సులకూ సరిపోయేంతయింది. పంచడం న్యాయమే, మొత్తం చాలినంత పెరగకపోవడమే అన్యాయం.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్‌లో ఒక అమ్మాయిని చూశాను. ఆ స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారం నింపుతోంది. 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు, రెండూ ఉన్నాయి. మెమోలో తండ్రి పేరు 'ఎం.డి.' అని, ఆధార్‌లో 'మొహమ్మద్' అని. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు వచ్చాయి. కుర్రాడు "బాజీ, అఫిడవిట్ తేవాలి" అన్నాడు. ఆమె కాయితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో సర్దుకుని, చివరి తేదీ ఎప్పుడని రెండుసార్లు అడిగి, చేతి మీద పెన్నుతో రాసుకుంది.